విజిల్ రాని మధ్యాహ్నం

నాచారంలో మా ఆఫీసు కింద టీ కొట్టు రేకు కింద, గ్లాసు పట్టుకుని, వాన తగ్గుతుందేమోనని చూస్తున్నాను. పసుపుపచ్చ స్కూలు బస్సొకటి ముందున్న గుంతలో దిగి, లేచి, నా డ్రెస్సు మీద బురద చల్లి పోయింది. తిడదామని నోరు తెరిచాను. బస్సు వెనక అద్దానికి ఒక పిల్లవాడు ముక్కు నొక్కిపెట్టి, ఆవిరి పట్టిన అద్దాన్ని శ్రద్ధగా నాకుతున్నాడు. ఆ నాలుక నాకు బాగా తెలుసు. పొద్దున్నే దాని కింద థర్మామీటర్ పెట్టి, జ్వరం లేదని తేలాక కూడా ఇంకోసారి పెట్టి చూశాను. వాడు నా కొడుకు.

ఫోన్ తీసి యాప్ తెరిచాను. నా పిల్లలెక్కే ఏడో నంబరు బస్సు స్కూలు ఆవరణలో కదలకుండా ఉంది. ఇంకా బయలుదేరలేదు.

నా కొడుకేమో అద్దం నాకుతూ ఉప్పల్ వైపు వెళ్లిపోయాడు.

ఆ యాప్ వేరేవాళ్లదైతే నేనూ అందరిలాగే ఒక బూతు తిట్టి ఊరుకునేదాన్ని. అది మాది. అది సరిగ్గా చెబుతోందా లేదా చూసుకోవడానికే నాకు జీతం ఇస్తున్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం రాస్తున్నాను. నాకేమీ పదవీ విరమణ వయసు రాలేదు, ఉద్యోగం మారానంతే. పిల్లలు పడుకున్నాక తప్ప టైము దొరకదు. పక్క గదిలోంచి దగ్గు వినిపిస్తే లేచి వెళ్లొస్తాను. మాట ఎక్కడైనా తెగినట్టుంటే అక్కడ వాడు దగ్గాడనుకోండి.

మాది చిన్న కంపెనీ. నాచారం, పీర్జాదిగూడ, దమ్మాయిగూడ చుట్టుపక్కల స్కూలు బస్సులు ఎక్కడున్నాయో తల్లిదండ్రుల ఫోన్లో చూపించేది. బస్సులో ఉండే డబ్బా 'నేనిక్కడున్నా' అని మెయిన్ సర్వర్‌కు చెబుతుంది, అది రాసుకుంటుంది. తల్లిదండ్రులందరూ నేరుగా దాన్నే 'బస్సెక్కడ, బస్సెక్కడ' అని అడిగితే అది కూలబడుతుంది. అందుకని పక్కనే ఇంకో సర్వర్. మెయిన్ రాసిందల్లా చూసి ఎక్కించుకోవడమే దాని పని. రెప్లికా అంటాం. యాప్ అడిగేది రెప్లికానే. మెయిన్ కంటే రెప్లికా ఎంత వెనకబడి ఉందో, ఆ తేడా పేరు లాగ్. ఆ లాగ్ మీద కన్నేసి కూర్చోవడం నా ఉద్యోగం. ఇంజనీరింగ్ చదివి చేసేదిదా అని మా ఆడపడుచు అడిగింది. అవును, ఇదే.

లాగ్ పెరిగితే మోగడానికి ఒక అలారం ఉండాలి కదా. మొదట్లో ఉన్న 'టింగ్' శబ్దానికి ఎవరూ తల తిప్పేవారు కాదు. నేనొక రోజు మా ఇంటి కుక్కర్ విజిల్ రికార్డు చేసి తెచ్చి పెట్టాను. మోగిన మొదటిసారి మా టీమ్ లీడ్ కుర్చీలోంచి లేచి వంటిల్లు వెతికాడు. ఆయన రాజమండ్రి వైపు మనిషి. భార్య ఊళ్లో ఉండటంతో ఇక్కడ స్వయంగా వండుకుంటాడు.

తర్వాత దానికీ అలవాటు పడిపోయాం. ఒక విజిల్ వస్తే ఎవరూ కదలరు. రెండు వస్తే ఎవరో ఒకరు స్క్రీన్ వైపు చూస్తారు. మూడొస్తేనే లేవడం. "మూడైతెనే పప్పు ఉడికినట్టు, అప్పుడు దించుదం" అనేవాడు మా నెట్‌వర్క్ అన్న. నాచారం పాతవాళ్ల ఇంటి మనిషి. మా ఆఫీసున్న చోట వాళ్ల తాత జొన్న వేసేవాడని, అందుకే ఈ నేలలో వైర్లు సరిగా మొలవవని చెప్పేవాడు. పొద్దున బస్సులు తిరిగేటప్పుడు విజిల్ వచ్చేది, భోజనాలయ్యాక స్కూళ్లకు రిపోర్టులు వెళ్లేటప్పుడు వచ్చేది. ఆ రెండో విజిల్‌కి మేం టీకి లేచేవాళ్లం. గోడ గడియారం ఆగిపోయినా మాకు పెద్దగా తెలియలేదు.

ఆ రోజు భోజనాలయ్యాక విజిల్ రాలేదు.

ఇంట్లో కుక్కర్ పెట్టి ఎంతసేపటికీ విజిల్ రాకపోతే, 'అబ్బ, ఇవాళ కుక్కర్ ఎంత ప్రశాంతంగా ఉంది' అని ఎవరైనా అనుకుంటారా? రబ్బరు పోయిందా, గ్యాస్ అయిపోయిందా, వెయిట్ ఇరుక్కుందా అని పరిగెత్తుతాం. ఆఫీసులో మాత్రం ఆ నిశ్శబ్దం చూసి మా లీడ్ కాలరెగరేశాడు. "చూశారా మేడమ్ గారూ, మొన్న కొత్త మెమరీ వేయించింది ఇందుకేనండి." నేను కూడా సంతోషపడి, అలారం లేకుండానే టీకి దిగాను.

టీ కొట్టు దగ్గర్నుంచే అత్తమ్మకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం పీర్జాదిగూడ స్టాపుకు వెళ్లి పిల్లల్ని దింపుకునేది ఆమే. జనగాం దగ్గరి పల్లె నుంచి మా కోసం వచ్చి ఉంటోంది. ఆమె పూర్తిగా నమ్మేవి రెండే, ప్రార్థన, మా యాప్. బస్సు రెండు స్టాపుల దూరంలో ఉందని చూపించాక చెప్పులేసుకునేది. అపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లూ అంతే. యాప్ రాకముందు ఆ స్టాపులో ఎప్పుడు చూసినా నలుగురు ఆడవాళ్లు నిలబడి, ఉల్లిగడ్డ ధర నుంచి ఊళ్లో పెళ్లిళ్ల దాకా మాట్లాడుకుంటూ, ఎవరి పిల్లలు దిగినా చెయ్యి పట్టుకునేవాళ్లు. 'ఇక ఎండలో వానలో ఎదురుచూడక్కర్లేదు' అని మేం ప్రచారం చేసుకున్నాం. నిజంగానే అందరూ ఎదురుచూడటం మానేశారు.

"అత్తమ్మా, బస్సు వస్తుంది. జల్ది స్టాపుకు పోన్రి."

"బస్సు స్కూల్లనే ఉన్నది బిడ్డా. నేను సూస్తనే ఉన్న."

"లేదు అత్తమ్మా, ఇప్పుడే నా ముంగటి నుంచి పోయింది. చిన్నోణ్ని నా కండ్లతోని చూసిన. వాన పడుతుందని స్కూలోళ్లు ముందే ఇడిసిపెట్టినట్టున్నరు."

"ఇడిస్తె ఫోన్‌ల మెసేజ్ రాదా?"

ఆ మెసేజ్ పంపేదీ మేమే, రెప్లికా చూసి. ఇప్పుడదంతా ఎలా చెప్పను?

"ఆ యాప్ తప్పు చూపిస్తుంది."

"గా యాప్ జేసే ఆఫీసుల ఉండి నువ్వే గట్ల అంటె ఎట్ల? నిన్న గిట్లనే ఫోన్ జేస్తివి, పిలగాడు కండ్లు మూసుకొని ఉన్నడు అని. నిద్రవోయిండు వాడు. మొన్న గిట్ల జేస్తివి, పిల్ల నాలుక ఎర్రగున్నది అని. ఐస్ తిన్నది అది. ఫికర్ వెట్టుకోకు. ఒక్క నిమిషం కండ్లు మూసి ప్రార్థన జేస్కో."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆమెను అనడానికేమీ లేదు. మా ఇంట్లో రోజూ కూసే విజిల్‌ని నేనే. ఒకటికీ రెండింటికీ లేవకూడదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు, అక్కడ లోపలికి ఫోన్లు రానివ్వరు. స్కూలు ఫోన్ ఎంగేజ్. డ్రైవర్ బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకూడదు. ఆ నిబంధన పెట్టించింది కూడా మేమే. నేను పరిగెడదామంటే ఉప్పల్ చౌరస్తా దాటడమే గగనం, అటు తర్వాత ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య వానలో ఆటో పీర్జాదిగూడ చేరేసరికి పిల్లలు దిగి ఎంతసేపవుతుందో. మెట్లెక్కాను.

స్క్రీన్ మీద అంతా ఆకుపచ్చ. లాగ్: సున్నా.

"సున్నా మేడమ్ గారూ" అన్నాడు లీడ్, కన్నతండ్రిలా మురిసిపోతూ.

"సార్, నా కొడుకు ఇప్పుడే కింద రోడ్డు మీద బస్సు అద్దం నాకుతూ పోయిండు. యాప్‌లో బస్సు స్కూల్లో ఉంది."

"వాన కదండీ, వేరే పిల్లాడెవరైనా..."

"ఇంకెవరి పిల్లవాడూ అట్ల నాకడు సార్."

ఆయన వాదించలేదు. అది ఆయనలో మంచి గుణం. మెయిన్‌ను నేరుగా అడిగాం. ఏడో నంబరు హబ్సిగూడ మలుపు దాటింది. రెప్లికాను అడిగాం. ఏడో నంబరు స్కూల్లో ఉంది. ఆ బస్సొక్కటే కాదు, అన్ని బస్సులూ భోజనాల సమయంలో ఎక్కడివక్కడే ఆగి ఉన్నాయి.

నెట్‌వర్క్ అన్న మెల్లగా అన్నాడు. "నేను అన్నం తినే ముందు ఈ రెండు సర్వర్లను కలిపే స్విచ్ డబ్బా మార్చిన. కానీ లైట్ మంచిగనే ఎలుగుతుంది."

లైట్ వెలుగుతోంది, దారి తెగింది. తెగినట్టు రెప్లికాకు తెలియదు. దాన్ని తప్పుపట్టలేం. మేం దాన్ని అడుగుతున్న ప్రశ్న 'నీ దగ్గర ఎక్కించాల్సింది ఎంత మిగిలింది?' అని. అందినదంతా ఎక్కించేసి, చేతులు దులుపుకుని, 'ఏమీ లేదు' అంటోంది. మా పాప డైరీ స్కూల్లో మరిచిపోయి వచ్చిన రోజు హోంవర్క్ ఉందా అంటే 'లేదు' అంటుంది చూడండి, అలా. అబద్ధమాడటం లేదు. బోర్డు మీద ఏం రాశారో దాన్ని అడిగి లాభం లేదు.

"కలిపేస్తా, ఒక్క నిమిషం" అన్నాడు అన్న.

"కలిపితే అప్పట్నుంచీ మిగిలినదంతా వరసగా చదువుకుంటూ రావాలి" అన్నాను. "తల్లిదండ్రులకు బస్సు ఇప్పుడే స్కూల్లోంచి బయలుదేరినట్టు కనిపిస్తుంది. ఇంకా హాయిగా కూర్చుంటారు."

"యాప్‌ను మెయిన్ మీదికి తిప్పితే?" అని తానే అని, తానే తల అడ్డంగా ఊపాడు లీడ్. ఒకసారి అలా చేస్తే మెయిన్ సాయంత్రం దాకా లేవలేదు. "పోనీ, యాప్‌లో ఒక నోటీసు..."

"నోటీసు కూడా రెప్లికా నుంచే పోతుంది సార్."

ముగ్గురం ఆకుపచ్చ తెర వైపు చూస్తూ నిలబడ్డాం. నాకు అత్తమ్మ కనబడుతోంది, మంచం మీద కాళ్లు చాపుకుని, ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కదలని బస్సును ప్రేమగా చూస్తూ. నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆమె లేవదు. ఆ బస్సు ఆమెకు కనబడకుండా పోతేనే లేస్తుంది.

"ఆపేద్దాం" అన్నాను.

"దేన్నండీ?"

"రెప్లికాను. మొత్తంగా. యాప్ చచ్చిపోవాలి. ఏమీ కనబడకపోతే అందరూ రోడ్డు మీదికి పరిగెత్తుతారు."

లీడ్ ముఖం చూడాల్సింది. రిసెప్షన్‌లో మా కంపెనీ బోర్డు ఉంది, 'మా సేవ ఎన్నడూ ఆగదు' అని, పూలదండ వేసి మరీ పెట్టారు. ఆ బోర్డు కింద జీతాలు తీసుకునే మనుషులం, దాన్ని మా చేత్తో ఆపడమా? "ఓనర్ సార్‌ని ఒక్క మాట అడిగి..." అన్నాడు.

"అడిగితే ఒద్దంటడు. అడగకపోతే తిడ్తడు. తిట్టుడే నయం" అన్నాడు నెట్‌వర్క్ అన్న.

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆపే ఆదేశం చాలా చిన్నది. దాన్ని రాసేటప్పుడు నా వేళ్లు వణకలేదు. వణుకంతా రోజూ ముందే అయిపోతుంటుంది కాబట్టి అవసరానికి నా దగ్గర మిగలదు.

ఆకుపచ్చ పోయింది. ఎరుపు వచ్చింది. కుక్కర్ విజిల్ మొదలై ఇక ఆగలేదు.

దాని వెంటనే ఫోన్లు. ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి. మా లీడ్ ఒక్కొక్కటే ఎత్తి, గోదావరి మర్యాద ఇసుమంతైనా తగ్గించకుండా, "అవునండి, యాప్ చచ్చిపోయిందండి. మేమేనండి చంపింది. తమరు తర్వాత తిడుదురుగాని, ముందు స్టాపు దగ్గరికి వెళ్లండి. బస్సు వచ్చేస్తోందండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. అవతలివాళ్లు ఆయన వంశాన్ని తవ్విపోస్తున్నారు. "చిత్తమండి. చెప్పులేసుకుంటూ తిట్టండి" అన్నాడు ఒకాయనతో.

నా ఫోన్ మోగింది. అత్తమ్మ. తనంతట తాను ఆమె నాకు ఆఫీసుకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఏం కంపెనీ బిడ్డా మీది! గుండ్రంగ తిరుగుడే ఉన్నది, బస్సు లేదు ఏం లేదు. నాకు బుగులైతుంది. నేను పోతున్న."

ఆ తర్వాత ఏమీ లేదు. చేస్తే ఎత్తదు. వానలో గొడుగు పట్టుకుని ఫోన్ ఎలా ఎత్తుతుందని నాకు నేను చెప్పుకున్నాను. మెయిన్‌లో ఏడో నంబరు మా స్టాపు దాటిపోయినట్టు చూపిస్తోంది. అంటే దింపేసింది. మా స్టాపు పక్కనే పిల్లర్ కోసం తవ్వి వదిలేసిన గుంత ఉంది. వాన పడితే ఎక్కడ రోడ్డో ఎక్కడ గుంతో తెలియదు. మా వాడికి నీళ్లు కనబడితే దిగకుండా ఉండలేడు. ఇవన్నీ నాకు రోజూ వచ్చే ఆలోచనలే. ఆ రోజు మాత్రం వాటిని పక్కకు తోయడానికి కారణమేదీ దొరకలేదు.

వెనక విజిల్ కూస్తూనే ఉంది. ఆపేయనా అన్నట్టు నెట్‌వర్క్ అన్న చెయ్యి చాచాడు. వద్దన్నాను. అది ఆగితే ఆ గది భరించలేనేమో అనిపించింది. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "వస్తది ఫోన్" అన్నాడు. కాసేపాగి మళ్లీ, "వస్తది."

వచ్చింది. అత్తమ్మ నంబరు, నా కొడుకు గొంతు.

"అమ్మా, అక్క నా బ్యాగు గుంజింది! పట్టీ తెగింది! కొట్టు దాన్ని!"

ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. మా లీడ్ అటు తిరిగి, ఎవరూ లేని ఫోన్‌లో "చిత్తమండి, చిత్తమండి" అన్నాడు.

జరిగింది ఇది. దిగేటప్పుడు బస్సు ఆయమ్మ అడిగిందట, "ఎవరన్న వచ్చిన్రా?" అని. మా పాప ఏమాత్రం తడుముకోకుండా "నానమ్మ వస్తది" అందట. రోజూ వస్తుంది కదా. బస్సు నిండా ఏడ్చే పిల్లలతో ఉన్న ఆయమ్మ ఆ మాట నమ్మింది. దిగాక చూస్తే ఎవరూ లేరు. మా పాప పిల్లర్ పక్కన నిలబడింది, సాక్సుల దాకా నీళ్లలో. తమ్ముడు గుంతలో వాటర్ బాటిల్ తేలుస్తానని వంగుతుంటే బ్యాగు పట్టీ పట్టుకుని వెనక్కి గుంజుతూ నిలబడింది. పక్కనే పంక్చర్ షాపాయన లోపలికి వచ్చి కూర్చోమని పిలిచాడట. పలకలేదు. పోయేవాళ్లు చూసి, పెద్దవాళ్లు దగ్గర్లోనే ఉండి ఉంటారనుకుని పోయారు. పట్టీ తెగిన క్షణానికి అత్తమ్మ చేరింది, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మా ఆయన చెప్పు వేసుకుని. తెగిన పట్టీ పాప చేతిలో ఉంటే, ఆమె పిల్లవాణ్ని మెడ దగ్గర షర్టు పట్టుకుని లేపింది.

"నోరు తెరువలె అది" అంది అత్తమ్మ ఫోన్‌లో, వగరుస్తూ. "బొమ్మ లెక్క నిలవడ్డది. గింత నీళ్లల్ల. ఒక్క మాట అరిస్తె పంక్చరాయన ఉరికొచ్చేటోడు."

పాపను అడిగాను. ఎందుకు పిలవలేదురా అని.

"నువ్వే కదా కదలొద్దన్నవ్. ఎవ్వరితోని మాట్లాడొద్దన్నవ్. నేను అన్నీ చేసిన."

నిజమే. చెప్పినవన్నీ చేసింది. మిగిలింది: సున్నా.

మర్నాడు మా ఓనర్ సార్ నన్నూ లీడ్‌నూ నిలబెట్టి బోర్డు చూపించి మరీ తిట్టాడు. తిట్లు మధ్యలో ఉండగానే ఒక స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. యాప్ చచ్చిపోవడం వల్ల తల్లులందరూ స్టాపుల్లో ఉన్నారని, ఇకమీదట వాన పడ్డప్పుడల్లా దాన్ని చంపగలరా అని అడిగారట. సార్ ఆ ఫోన్ పెట్టేసి, తిట్టడం ఎక్కడ ఆపాడో మరిచిపోయాడు.

ఆ రోజే అలారం మార్చాం. మీరు నేర్చుకోవాల్సింది ఈ ఒక్కటే, పెద్ద విద్యేమీ కాదు. రెప్లికాను 'ఎంత మిగిలింది' అని అడగడం మానేశాం. మెయిన్ ప్రతి క్షణం ఒక చోట ఇప్పటి టైము రాస్తుంది. అది మామూలు దారిలోనే రెప్లికాకు చేరాలి. చేరిన టైమును గోడ గడియారంతో పోల్చి చూస్తాం. తేడా వస్తే విజిల్. ఏమీ చేరకపోతే ఇంకా గట్టిగా విజిల్. ఆ పోల్చడం కోసం నెట్‌వర్క్ అన్న గోడ గడియారానికి కొత్త సెల్ వేశాడు. కంప్యూటర్‌లో గడియారం ఉందని చెప్పినా వినలేదు.

స్టాపులో ఇప్పుడు మళ్లీ నలుగురు నిలబడుతున్నారు. మా అత్తమ్మ అందరికంటే ముందు వెళ్తుంది. యాప్ చూస్తుంది, చూసి రోడ్డు వైపు కూడా చూస్తుంది. నేను ఫోన్ చేస్తే మాత్రం ఇప్పటికీ మూడోసారికే ఎత్తుతుంది.

ఇక ఆ మర్నాటి పొద్దున. సార్ తిట్లకు ముందు, పిల్లలకు బూట్లు తొడుగుతూ గడప మీద కూర్చోబెట్టాను.

"నిన్న నువ్వు మంచిగ చేసినవ్" అన్నాను పాపతో. "ఇయ్యాల్టి నుంచి కొత్తది. ఆయమ్మ అడిగితె 'వస్తది' అని చెప్పకు. నానమ్మ కనపడితెనే దిగు. ఎట్లనో దిగినవనుకో, మనోళ్లు ఎవ్వరు లేరనుకో, ఊకె నిలబడకు. అరువు. 'మా ఇంటోళ్లు రాలే' అని రోడ్డంత ఇనపడేటట్టు అరువు."

చిన్నోడు అప్పుడే అరవడం మొదలుపెట్టాడు. పై అంతస్తులో కుక్క లేచింది. పాప లేసు ముడి వైపు చూస్తూ కాసేపు ఆలోచించింది. ఇంట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పని దానిదే, అది ఏదీ సగం విని వదిలిపెట్టే పిల్ల కాదు.

"ఎన్ని విజిల్స్ అమ్మా?"

"లెక్కపెట్టకు బిడ్డా. ఎవరన్న ఉరికొచ్చేదాక."